ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

డాక్టరమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న, "ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అని. నేను లేదన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మధ్యలో వరంగల్ దాకా ఒక ప్రయాణం, తలకాయకు ఒక స్కానింగు. ఇంత తిప్పలు పడి దాచింది ఏదో పెద్ద రహస్యం అనుకునేరు. మా నాయనకు చేతులు వణికేవి. దాచింది ఇంతే.

నేను గోదావరి అవతలి హిందీ రాష్ట్రంలో, భోపాల్‌పట్నం వైపు ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. చేరి ముప్పై ఏళ్లు దాటింది, దిగిపోవడానికి ఇంకో ఆరేళ్లుంది. ల్యాబ్ అంటే గొప్పగా ఊహించుకోకండి. ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఒక ఫ్యాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది జ్వరం మనుషులే. వేలు గుచ్చి చుక్క తీయాలి, గాజు పలక మీద పెట్టాలి, ఇంకో పలక అంచును దానికి ఆనించి ఒక్క ఊపున ముందుకు తోయాలి. ఆ తోయడంలోనే ఉంది పనితనమంతా. మధ్యలో చేయి ఆగకూడదు, తడబడకూడదు. సరిగ్గా వస్తే రక్తం పలచగా పరుచుకుని చివర నాలుకలా గుండ్రంగా ఆగుతుంది. రాకపోతే గీతలు గీతలుగా, మెట్లు మెట్లుగా పేరుకుంటుంది. అట్లాంటి పలకలో మలేరియా పురుగును వెతకడమంటే కళ్లు పోగొట్టుకోవడమే.

నా పలకల మీద నాకు గర్వం ఉండేది, దాచుకోను. జగదల్‌పూర్ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు వాటిని కిటికీ వెలుతురుకు పట్టి చూసి, పలక అంటే ఇట్లా ఉండాలని పక్కవాళ్లకు చూపించేవాళ్లు. ఇప్పుడు కిట్లు వచ్చాయి. చుక్క వేసి కాసేపు ఆగితే గీత కనిపిస్తుంది. పలకలు తీసే పని తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పూర్తిగా పోయి ఉంటే నా పరువు దక్కేదేమో.

మూడేళ్ల కింద మొదలైంది. ముందు సంతకంలో కనిపించింది. రిజిస్టరులో నా పేరు చివరి అక్షరం బస్సులో కూర్చుని రాసినట్టు వచ్చింది. పెన్ను బాగాలేదనుకుని పెన్ను మార్చాను. తర్వాత చొక్కా గుండీలు. ఆ తర్వాత చెంచా. పప్పు అన్నంలో కలిసేలోపే సగం కంచం బయట పడేది. కుడిచేయి ఎక్కువ, ఎడమచేయి కొంచెం తక్కువ. అప్పట్లో నాకు దాని మీద భయం లేదు, చిరాకు మాత్రమే ఉండేది.

మా వైపు మనిషి వణికితే దానికి మొదటి పేరు మలేరియా. నా భార్య కూడా అదే అన్నది. "ఏంది, చలి పెడ్తాందా? ఒక్కసారి రక్తం చూస్కోండ్రి," అని. చూసుకున్నాను. నా వేలు నేనే గుచ్చుకుని, నా పలక నేనే గీసి, నేనే మైక్రోస్కోపు కింద పెట్టుకున్నాను. ఏమీ లేదు. పది రోజులు ఆగి మళ్లీ చూసుకున్నాను. రెండేళ్లలో పదకొండు పలకలు నా రక్తానివే. జ్వరం లేదు, చెమట లేదు, ఆకలి బాగానే ఉంది. ఇది మలేరియా కాదని ఈ బ్లాకులో అందరికన్నా ముందు తెలియాల్సిన మనిషిని నేను. తెలియక కాదు, మలేరియా అయితే బాగుండునని. దానికి మాత్రలున్నాయి, మింగితే పోతుంది.

ఇంటింటికీ తిరిగి రక్తం చూసే బృందం మా వీధికి వచ్చినప్పుడు, అందులో ఉన్న అమ్మాయి నా చేయి చూసి ఒక కిట్టు వేసింది. నమ్మకం కుదరక రెండోది కూడా వేసింది. "నెగటివే వస్తోంది సర్," అని హిందీలో సందేహంగా చెప్పి, నా వైపు తిరిగి తిరిగి చూసుకుంటూ పక్కింటికి పోయింది.

మలేరియా కాకపోతే మా వైపు రెండో పేరు సారా. సంతలో ఆకుకూరలు అమ్మే ఒక దొర్ల తెగ ముసలమ్మ నేను చిల్లర ఏరుకోవడం చూసి, "పొద్దుగాల ఇంత ఏస్కో సారూ, ఆగుతది. మా ముసలోనికి గట్లనే ఆగేది," అన్నది. మజ్జిగ తాగమని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నా ఒళ్లు మండించింది మన తెలుగు కొట్లవాళ్లు. నోరు తెరిచి ఒక్కరూ ఏమీ అనరు. నేను దగ్గరికి వచ్చి నిలబడితే మాట మధ్యలో ఒకసారి గాలి పీలుస్తారు. వాసన కోసం. నేను తాగను. కానీ తాగనని తనంతట తాను చెప్పుకు తిరిగే మనిషిని ఎవరు నమ్ముతారు? అందుకని ఊరుకున్నాను.

ఇవన్నీ చాలవన్నట్టు ఇంట్లో మా అమ్మ. ఆమెకు ఎనభై దాటాయి, మాతోనే ఉంటుంది. కళ్లు సరిగ్గా కనబడవు గానీ చాయ్ మాత్రం ఇంకెవరినీ పెట్టనివ్వదు. ఆమె పెట్టిన చాయ్ నా భార్యకు నిండా, ఇంటికి ఎవరైనా వస్తే వాళ్లకు నిండా, నాకు మాత్రం సగం గ్లాసు. ఒకరోజు రెండు రోజులు కాదు, రెండేళ్లుగా ఇదే వరస. వయసు మీద పడితే కొందరికి చేయి దగ్గర పడుతుందంటారు, అదేననుకున్నాను. మరి పిసినారితనం నా ఒక్కడి గ్లాసు మీదే ఎందుకని ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది. సగం తాగి లేచిపోయేవాణ్ని. ఒక్కోసారి విసురుగా గ్లాసు కింద పెట్టేవాణ్ని.

చివరికి బయటపడింది ఒక చిన్నపిల్ల వల్ల. మూడేళ్ల పిల్ల, జ్వరంతో కాగిపోతోంది. లోపలి ఊరి నుంచి తల్లి నడిచి తెచ్చింది. కిట్లు ఆ వారం అయిపోయాయి, పలకే దిక్కు. పిల్ల వేలు పట్టుకున్నాను. సూది తగలాల్సిన చోట తగల్లేదు, పక్కన గీరుకుంది. పిల్ల కెవ్వుమంది. రెండోసారి గుచ్చాను, చుక్క వచ్చింది, పలక మీద పెట్టాను. తోయబోతే పై పలక కింద పలకకు తగిలి టకటకమని చప్పుడు చేసింది. తర్వాత రెండూ నేల మీద పడ్డాయి. పిల్ల తల్లి నన్ను తిట్టలేదు. పిల్లను ఎత్తుకుని, నా మొహంలోకి చూసి, "సారూ, నీకే జరం ఉన్నట్టుంది. ముందుగాల నీది చూస్కో," అన్నది. ఆమె నిజంగానే జాలిపడింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గుమ్మం దగ్గర మా డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె వచ్చి ఏడాది కూడా కాలేదు. భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, హిందీ కలిపిన తెలుగు మాట్లాడుతుంది, నన్ను అంకుల్ అంటుంది. నర్సును పిలిచి పిల్లకు రక్తం తీయించింది. పలక కూడా నర్సే లాగింది, అడ్డదిడ్డంగా. దాన్ని నేను చూశాను. మైక్రోస్కోపు ముందు మోచేతులు బల్లకు ఆనించి కూర్చుంటే నా చేతులు మాట వింటాయి. పురుగు కనిపించింది. పిల్లకు మందు మొదలైంది. అప్పుడు డాక్టరమ్మ, "అంకుల్, ఇప్పుడు మీరు కూర్చోండి," అన్నది.

చేతులు ఒళ్లో పెట్టుకోమంది. పెట్టుకున్నాను. నా చేతులు అక్కడ రెండు మంచి పిల్లల్లా కదలకుండా పడుకున్నాయి. ముందుకు చాపమంది. మొదలైంది వణుకు. నా ముక్కు, ఆమె వేలు, మళ్లీ నా ముక్కు ముట్టుకోమంది. వేలి దగ్గరికి పోయేకొద్దీ ఎక్కువైంది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయమంది, బల్ల తడిసింది. చివరికి కాగితం ఇచ్చి, "జిలేబీ చుట్టినట్టు గీయండి, చేయి కాగితానికి ఆనకుండా," అన్నది. నేను గీసిన జిలేబీని ఏ మిఠాయి కొట్టువాడూ బయట పెట్టడు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"ఊరికే ఉన్నప్పుడు వణకట్లేదు, పని పెట్టుకుంటే వణుకుతోంది. నడక బాగుంది. మాట బాగుంది. నాకైతే ఇది ఎసెన్షియల్ ట్రెమర్ అనిపిస్తోంది అంకుల్. అందరూ భయపడే పార్కిన్సన్ కాదు. చేతిని నడిపించే లెక్క మెదడులో కొంచెం తప్పుతుంది, అంతే. ప్రాణానికి ఏం కాదు. కానీ పనికి అడ్డం వస్తుంది, మెల్లగా పెరుగుతుంది కూడా. చాలాసార్లు ఇళ్లలో వస్తుంది, తండ్రి నుంచో తల్లి నుంచో." ఇక్కడ ఆగి అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?"

"లేదు మేడం," అన్నాను.

"నాన్నగారికి?"

"లేదు."

"ఉండుంటే నాకు డౌట్ తక్కువుండేది. లేదంటున్నారు కాబట్టి ఒకసారి పెద్ద డాక్టరుకు చూపిద్దాం," అని వరంగల్‌కు రాసిచ్చింది.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, రాయడానికీ చేయి రావడం లేదు. చేయి రావడం లేదంటే వణుకు వల్ల కాదు.

మా నాయన దర్జీ. ఊళ్లో బట్టల కొట్టు వరండాలో మిషన్ వేసుకుని కూర్చునేవాడు. కొట్లో గుడ్డ కొన్నవాళ్లు అక్కడే కొలతలిచ్చి కుట్టించుకుని పోయేవాళ్లు. సంత రోజున ఆయన భోజనానికి కూడా లేచేవాడు కాదు. మిషన్ మీద ఆయన చేతికి పెద్ద ఇబ్బంది ఉండేది కాదు, గుడ్డ ఆసరా ఉంటుంది కదా. కష్టమంతా చేతిపనిలో. సూదిలో దారం ఎక్కించడం, కాజాలు కుట్టడం. నేను కొలువులో చేరేనాటికే ఆయన కాజాలు వంకరపోవడం మొదలైంది. దారం ఎక్కించడానికి పక్కన ఎవరైనా ఉంటే వాళ్లను పిలిచేవాడు. ఎవరూ లేకపోతే సూదిని గోడకు ఆనించి అవస్థ పడేవాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. జగదల్‌పూర్‌లో ట్రైనింగు అయి, మైక్రోస్కోపులో చూడటం కొత్తగా వచ్చిన రోజులు. రోగమంటూ ఉంటే అది నా కంటికి కనపడి తీరుతుందని నమ్మకం. ఇంట్లో చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే. నాయన వణుకు చూసి, ఇంకేముంది, మలేరియా అన్నాను. పలక తీశాను. ఏమీ లేదు. పురుగు ఒంట్లో ఎక్కడో నక్కి ఉంటుందని చెప్పి మాత్రలు ఇచ్చాను. అప్పుడు క్లోరోక్విన్. నోరంతా చేదు. పైగా ఆయనకు దాంతో ఒళ్లంతా దురద పెట్టేది. అరచేతులను తలుపు చెక్క అంచుకేసి రుద్దుకునేవాడు. "తగ్గిందా నాయినా?" అంటే, "జర నయ్యంగనే ఉంది బిడ్డా," అనేవాడు. వణుకు ఎక్కడికీ పోలేదు. రెండు నెలలాగి ఇంకో కోర్సు ఇచ్చాను. తర్వాత మూడోది. కొడుకు ఇచ్చాడు కాబట్టి మింగాడు.

ఇంతలో ఒకరోజు ఆయన తన దొర్ల దోస్తు ఇంట్లో పెళ్లికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. గుమ్మంలోకి వస్తూనే ఇప్పసారా వాసన. నేను చూస్తుండగా అరుగు మీద కూర్చుని, ఒక్క ఊపున సూదిలో దారం ఎక్కించి, ఆగిపోయి ఉన్న చొక్కాకు ఆరు కాజాలు కుట్టాడు. ఆరూ కొలిచి గీసినట్టున్నాయి. చేయి ఎక్కడా చెదరలేదు. నా తెలివికి అంతా అర్థమైపోయింది. తాగితే ఆగుతోంది, తాగకపోతే వణుకుతోంది. తాగుడుకు అలవాటు పడ్డవాళ్లకు మందు పడకపోతే చేతులు వణుకుతాయని ట్రైనింగులో చెప్పారు. మొహం ముడుచుకుని లోపలికి పోయాను.

ఆ మరుసటి వారం నేను బట్టల కొట్టు ముందు నుంచి పోతుంటే సేటు పిలిచాడు. "ఏందయ్యా, మీ నాయినకు ఏం రోగం? నువ్వు ల్యాబుల ఉంటవ్ గద, చెప్పరాదు," అన్నాడు. నాయన అక్కడే ఉన్నాడు, మిషన్ మీద వంగి. నేను తగ్గి మాట్లాడొచ్చు. ఏమో తెలియదు అనొచ్చు. "రక్తంల ఏం లేదు. మూడుసార్లు మందు గూడ ఇచ్చిన. ఇగ మీరే అర్థం చేస్కోండ్రి," అన్నాను. ల్యాబ్ రిపోర్టు చదివినట్టు చెప్పాను. నాయన తల ఎత్తలేదు. మిషన్ ఆగింది. కాసేపటికి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

నెల తిరగకముందే ఆ వరండాలోకి ఇంకో దర్జీ వచ్చాడు. నాయన మిషన్ ఇంటికి వచ్చింది. తర్వాత ఆయన వీధిలోవాళ్ల చిరుగులు కుట్టాడు, సంచులు కుట్టాడు. అన్నం గోడవైపు తిరిగి తినేవాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన పోయి పధ్నాలుగేళ్లయింది. పోయేదాకా ఆయనను తాగుబోతనే అనుకున్నాను. తాగుబోతు అయినా మంచివాడే అని నాకు నేను గొప్పగా సర్దిచెప్పుకునేవాణ్ని.

డాక్టరమ్మ "చాలాసార్లు ఇళ్లలో వస్తుంది" అన్న క్షణంలో ఆ ఆరు కాజాలు కళ్ల ముందుకొచ్చాయి. ఉంది అంటే తర్వాత ప్రశ్న వస్తుంది, దాని తర్వాత ఇంకోటి వస్తుంది. అందుకే లేదన్నాను.

వరంగల్ పోయాను. తర్లగూడ దాటి, గోదావరి వంతెన దాటి, బస్సులో ఒళ్లు హూనం చేసుకుని. బస్సులో నీళ్ల సీసా మూత తీస్తే నా ఒళ్లో కొన్ని, పక్కాయన ఒళ్లో కొన్ని పడ్డాయి. ఆయన కూడా ఒకసారి గాలి పీల్చాడు. స్కానింగు తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగున్నాయి. పెద్ద డాక్టరు కూడా నాతో జిలేబీ గీయించాడు. ఆయన కూడా అదే ప్రశ్న అడిగాడు. ఇంటికి ఇంత దూరంలో, మళ్లీ జన్మలో కనపడని మనిషి ముందు కూడా లేదనే అన్నాను. మా డాక్టరమ్మ చెప్పిందే చెప్పి పంపించాడు.

ఆ తర్వాత మొదలైంది దీనితో కాపురం. దీనికి మామూలుగా ముందు ఇచ్చే మాత్ర ఆయాసం ఉన్నవాళ్లకు పనికిరాదట. నాకు చలికాలం ఆయాసం. ఆయాసానికి నేను పీల్చే మందేమో వణుకును ఇంకాస్త పెంచుతుందట. ఎటు తిరిగినా గోడే. రెండో రకం మాత్ర పడుకునే ముందు పావు ముక్కతో మొదలుపెట్టారు. మొదటి వారం పొద్దున లేస్తే తల నా తల కాదు. గోడ పట్టుకుని నడిచాను. తర్వాత అలవాటైంది. వణుకు పోలేదు, కొంచెం మెత్తబడింది. "పోదు అంకుల్. దాంతో పని చేసుకోవడం నేర్చుకోవాలి," అన్నది డాక్టరమ్మ.

నేర్చుకున్నాను, ఏం చేస్తాం. రోజుకు ఆరు చాయ్‌లు తాగేవాణ్ని, రెండుకు దిగాను. బరువైన చెంచా కొనుక్కున్నాను. తేలిక దానికన్నా అది నిలకడగా ఉంటుంది. మోచేయి ఒంటికి ఆనించి పట్టుకుంటే కొంచెం నయం. ఆకలి మీద, కోపం మీద, నిద్ర చాలనప్పుడు, ఎవరైనా చూస్తున్నప్పుడు ఎక్కువవుతుంది. ఎవరూ చూడకుండా బతకడానికి నేనేమన్నా అడవిలో మునినా? ఆసుపత్రిలో డాక్టరమ్మ పని పంచింది. పిల్లల వేళ్లు గుచ్చేది నర్సు, పలక లాగేదీ నర్సే. చూసేది నేను. నర్సు లాగిన పలకలను తిడుతూ చూస్తాను. ఒక పూట పనికి రెండు పూటల అలుపు వస్తోంది. చేయి కదలకుండా పట్టుకోవడం కూడా ఒక మోత పనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చాయ్ తెచ్చింది. నా భార్యకు నిండా, నాకు సగం. ఆ రోజుకు అది నా రెండో చాయ్, ఇక మళ్లీ లేదు. నాకు తిక్క రేగింది.

"అందరికి నిండ పోస్తవ్. నాకెందుకే సగం? నేనేమన్న పరాయోన్నా?"

అమ్మ ఏమీ అనుకోలేదు. "నిండ పోస్తే ఒలుకుతది. చెయ్యి కాల్తది," అన్నది. నా ఎదురుగా మెల్లగా చతికిలపడి, "మీ నాయినకు గిట్లనే పోసేదాన్ని. సగం తాగినంక మళ్ల సగం," అన్నది.

నా భార్య గ్లాసు పట్టుకుని లోపలికి పోయింది. నేను అమ్మ వైపు తిరిగాను.

"నీకెప్పుడు తెలిసిందే?"

"రెండేండ్లాయె. నువ్వు అంగీ గుండీలు పెట్టుకుంటాంటే చూసిన. గదే వణుకు."

"మరి చెప్పలే?"

"దవాఖాన్ల పని చేసేటోనివి, నీకు నేను చెప్పాల్నా?"

రెండేళ్లు పసరు గొంతులో పోసుకున్నట్టు నేను మింగిన సగం చాయ్‌లు గుర్తొచ్చాయి. అప్పుడు, ఆమె అవునంటే బాగుండునని కోరుకుంటూ అడిగాను. "అమ్మా, నాయిన తాగేటోడు గదా?"

"ఎవలన్నరు?"

నేను గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను.

"నలభై అయిదేండ్లు కాపురం చేసిన. తాగితే నాకు వాసన రాదా?" అన్నది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఆ పెళ్లినాడు ఒక్కనాడే తాగిండు, వాళ్లు బలిమి చేస్తే. చేతులు నిలవడ్డయని ఎంత మురిసిండో. తెల్లారి నాతోని అన్నడు, ఇది మందు లెక్క పని చేసింది గని కొడుకుకు ఇష్టం లేదు, వాని మొకం చూసిన అని. ఇగ మళ్ల ముట్టలే."

"మరి నేను సేటు కాడ అట్లన్ననాడు మీరెందుకు ఊకున్నరే? ఒక్క మాట అనకపోతిరి."

"ఏమంటం? నువ్వు ల్యాబు అద్దంల చూసి చెప్తున్ననంటివి. మాకేం ఎరుక." అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "మీ నాయిన గూడ అన్నడు. కొడుకు చూసి చెప్పిండంటే నిజమే ఉంటది, తాగకుండనే నాకు తాగినోని రోగం వచ్చిందేమో అన్నడు."

నాకు ఏడుపొచ్చింది. యాభై ఆరేళ్ల మనిషిని, అమ్మ ముందు చాయ్ గ్లాసు పట్టుకుని ఏడ్చాను. గ్లాసులో ఉన్న సగం కూడా చేతి మీద ఒలికింది. అమ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, గిన్నెలో మిగిలిన చాయ్ మళ్లీ సగం పోసి నా ముందు పెట్టింది.

సోమవారం పొద్దున ఓపీ మొదలుకాకముందే డాక్టరమ్మ గదికి పోయాను. నా కాగితం తీయమన్నాను. "మేడం, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు కదా. ఉంది. మా నాయనకు."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏంటంకుల్ మీరు? ఇది అప్పుడే చెప్పి ఉంటే వరంగల్ చక్కర్ తప్పేది కదా." తిట్టినట్టే అన్నది, బాగా అన్నది. కాగితం తెరిచి నేను లేదన్న చోట కొట్టేసింది. ఆయనకు ఎన్నేళ్లప్పుడు మొదలైందని అడిగింది, చెప్పాను. తాగితే తగ్గేదా అని అడిగింది, చాలామందికి కాసేపు తగ్గుతుందట, మళ్లీ ఎక్కువవుతుందట. ఒక్కసారి తగ్గిందని చెప్పాను. ఆమె రాసుకుంటూ పోయింది.

"దీనికి నాన్నగారు ఏమైనా మందు వాడారా?"

"వాడాడు మేడం."

"ఏం మందు?"

"మలేరియా మాత్రలు. మూడు కోర్సులు."

ఆమె పెన్ను ఆగింది. "మలేరియాకా? టెస్టులో వచ్చిందా?"

"రాలేదు."

"రాకుండా మూడు కోర్సులా? ఎవరిచ్చారంకుల్?"

"నేనే," అన్నాను. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, కదలకుండా. "నేనే పరీక్ష చేశాను, నేనే ఇచ్చాను. తగ్గకపోతే తాగుబోతని నలుగురి ముందు చెప్పింది కూడా నేనే."

డాక్టరమ్మ రాయలేదు. కాగితం మీద పెన్ను పెట్టి అట్లాగే నా వైపు చూస్తూ కూర్చుంది. బయట జ్వరం మనుషులు వరసలో కూర్చోవడం మొదలైంది.

"రాయండి మేడం," అన్నాను.